ఇంటి పన్ను: జోను తప్పితే జేబుకు చిల్లు

పాలమూరు, నల్గొండ పట్టణాల్లో మదింపును సరిచూసుకునే తీరు

నల్గొండ, మహబూబ్‌నగర్: ఒకే వీధి, ఎదురెదురు ఇళ్లు. స్థలం అంతే, కట్టడమూ దాదాపు అంతే. అయినా ఒకరికి వచ్చిన డిమాండు నోటీసుకు, మరొకరి నోటీసుకు పొంతన కుదరని సందర్భాలు పట్టణాల్లో కొత్తేమీ కావు. ఎక్కువ పడిన యజమాని బిల్ కలెక్టర్‌తో వాదులాడి, చివరకు చెల్లించి ఊరుకుంటాడు. తక్కువ పడిన యజమాని నోరు మెదపడు. అసలు పన్ను ఏ లెక్కన వచ్చిందో ఇద్దరిలో ఎవరూ అడగరు. ఆ లెక్క రహస్యం కాదు. కాగితం, కలం ఉంటే ఇంట్లోనే కూర్చుని వేసుకోవచ్చు.

అద్దె విలువే ఆధారం

తెలంగాణ పట్టణాల్లో ఇంటి పన్నుకు వార్షిక అద్దె విలువ ప్రాతిపదిక. యజమానికి వాస్తవంగా వస్తున్న అద్దె గానీ, ఇంటి మార్కెట్ ధర గానీ ఇందులోకి రావు. ఈ ప్రాంతంలో ఇలాంటి కట్టడానికి చదరపు మీటరుకు నెలకు ఇంత అని పురపాలక సంఘం ముందుగా ఒక ధర నిర్ణయిస్తుంది. దానిని విస్తీర్ణంతో, తర్వాత 12 నెలలతో హెచ్చిస్తే వార్షిక అద్దె విలువ వస్తుంది. అందులో కొన్ని తగ్గింపులు పోను మిగిలిన దానిపై నిర్ణీత శాతం పన్ను, ఆ పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పడతాయి.

ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతిని వదిలి ఆస్తి మూలధన విలువ ఆధారంగా పన్ను వేయడం మొదలుపెట్టింది. కనుక గద్వాల వాసి తుంగభద్ర అవతల కర్నూలులో ఉన్న బంధువు రశీదుతో, కోదాడ వాసి జగ్గయ్యపేట రశీదుతో పోల్చి చూసుకోవడం వృథా. పోల్చదలిస్తే పక్కింటితోనే పోల్చాలి.

జోను ఎలా వచ్చింది?

పురపాలక సంఘం పట్టణాన్ని కొన్ని జోన్లుగా విభజిస్తుంది. నీటి సరఫరా, వీధి దీపాలు, రోడ్లు, మురుగు కాల్వలు, మార్కెట్లు, బడులు, బ్యాంకులు ఎంత చేరువలో ఉన్నాయన్నది చూసి విభజన చేయాలన్నది నియమం. ప్రతి జోనుకు, ప్రతి రకం కట్టడానికి, ప్రతి వినియోగానికి విడివిడి ధరలతో పట్టిక తయారవుతుంది. ఆ పట్టికలో ఇల్లు ఏ గడిలో పడిందన్నదే అసలు ప్రశ్న.

ఐదేళ్లకోసారి ఈ ధరలను సవరించాలని చట్టం చెబుతున్నా, నివాస గృహాలకు సాధారణ సవరణ 2002లో, నివాసేతర కట్టడాలకు 2007లో జరిగింది. ఆనాడు పొలాల మధ్య ఉన్న కాలనీలు నేడు బైపాస్ పక్కన చేరాయి. ఆనాడు సందడిగా ఉన్న పాత బజార్లు కొన్ని వెలవెలబోయాయి. కాగితం మీది జోను మాత్రం అంత త్వరగా కదలదు. అంటే ఒకసారి దొర్లిన తప్పు ఏళ్ల తరబడి రశీదులో కొనసాగుతుంది. ఈ అవస్థ మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో ఇళ్లను ఎనిమిది శ్రేణులుగా విడగొట్టి వేసే కౌన్సిల్ పన్నుకు ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ధరలే ఆధారం.

జోను హద్దులు చాలాచోట్ల రోడ్డు వెంబడి వెళ్తాయి. రెండు రోడ్లకు మూలన ఉన్న ఇల్లు, సందులోకి వాకిలి ఉన్నా వీపు ప్రధాన రహదారి వైపున్న ఇల్లు, ఇంటి నంబరు మారిన ఇల్లు పొరపాట్లకు ఎక్కువగా గురవుతాయి. 2018 ఆగస్టులో పంచాయతీ నుంచి పురపాలక సంఘాలుగా మారిన చిట్యాల, హాలియా, నందికొండ, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు వంటి చోట్ల సంగతి మరొకటి. పంచాయతీ ఇంటి పన్ను లెక్క వేరు. పాత దస్త్రంలోని వివరాలు కొత్త పద్ధతిలోకి ఎలా ఎక్కాయో యజమాని స్వయంగా చూసుకోవడం మేలు.

కప్పు చూసి వర్గం

ఈ రెండు పాత జిల్లాల వారు మరింత శ్రద్ధగా చూడవలసింది కట్టడపు వర్గం. నియమావళి ప్రకారం ఖరీదైన ఆర్‌సీసీ భవనాలు మొదటి వర్గం, సాధారణ ఆర్‌సీసీ ఇళ్లు రెండో వర్గం. మద్రాసు మిద్దె, బండల కప్పు ఇళ్లు మూడో వర్గంలోకి వస్తాయి. బెంగళూరు పెంకులు, సిమెంటు రేకులు, ఇనుప రేకుల ఇళ్లు నాలుగోది. గూనపెంకుల ఇళ్లు ఆ తర్వాత. గుడిసెలు చివరన.

బండల కప్పు ఇళ్లు పాలమూరులోనూ, నల్గొండ పాతపేటల్లోనూ ఇప్పటికీ కనిపిస్తాయి. బయటికి చూస్తే సున్నం కొట్టిన గోడలు, పైన చదునైన కప్పు. లోపలికి రాకుండా వీధిలోంచే వివరాలు రాసుకుంటే అది సులువుగా ‘స్లాబు’ అయిపోతుంది. అప్పుడు మూడో వర్గపు ఇల్లు రెండో వర్గపు ధరకు పన్ను కడుతుంది. ముందు రెండు గదులకు స్లాబు వేసి, వెనుక వంటిల్లు, పశువుల కొట్టం రేకులతో కప్పుకున్న ఇళ్లలో మొత్తం విస్తీర్ణాన్ని స్లాబు కిందే లెక్కించారేమో చూడాలి. దేని ధర దానికే పడాలి.

వినియోగం కాలమ్‌దీ ఇదే తీరు. వాకిట్లో ఒక గదిని కిరాణా దుకాణానికి ఇస్తే ఆ గదికే దుకాణం ధర వర్తిస్తుంది, ఇల్లంతటికీ కాదు. దుకాణం ఎత్తేసి ఏళ్లు గడిచినా దస్త్రంలో దుకాణంగానే మిగిలిపోతే ఆ భారం యజమానిదే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వంటి చోట్ల మగ్గం ఉన్న ఇంటికి ఈ కాలమ్‌లో ఏమి రాశారో తప్పక చూసుకోవాలి.

గజాలా, మీటర్లా?

మదింపు కట్టడపు విస్తీర్ణానికి, అంటే ప్లింత్ ఏరియాకు జరుగుతుంది. స్థలం 200 గజాలు ఉండి ఇల్లు 90 గజాల్లోనే ఉంటే లెక్క 90 గజాలకే. ఒక చదరపు మీటరు 10.76 చదరపు అడుగులకు, సుమారు 1.2 చదరపు గజాలకు సమానం. టేపుతో గోడ వెలుపలి అంచు నుంచి పొడవు, వెడల్పు కొలిచి హెచ్చిస్తే సరిపోతుంది. పై అంతస్తు ఉంటే దానిని విడిగా రాసుకోవాలి.

సొంతానికా, అద్దెకా?

1965 నాటి పురపాలక చట్టం ఏర్పరచిన పద్ధతిలో 25 ఏళ్ల లోపు కట్టడానికి అద్దె విలువలో 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల మధ్య 20 శాతం, 40 ఏళ్లు దాటితే 30 శాతం తగ్గింపు ఉంది. యజమాని స్వయంగా నివసించే ఇంటికి వయసు తగ్గింపుతో కలిపి 40 శాతం. డబ్బు పరంగా అన్నింటికన్నా పెద్ద తేడా తెచ్చేది ఈ గడే కావచ్చు.

లెక్క కోసం 100 చదరపు మీటర్ల కొత్త ఇల్లు, మీటరుకు నెలకు 10 రూపాయలు, పన్ను 25 శాతం అనుకుందాం. ఏడాది అద్దె విలువ 12,000 రూపాయలు. సొంతంగా ఉంటే 40 శాతం పోను 7,200 మీద 1,800 రూపాయల పన్ను, 144 రూపాయల గ్రంథాలయ పన్ను కలిసి 1,944. అదే ఇల్లు అద్దెకిచ్చినట్లు దస్త్రంలో ఉంటే 10,800 మీద 2,700, దానిపై 216 కలిసి 2,916 రూపాయలు. కిరాయిదారు ఖాళీ చేసి యజమాని తిరిగి చేరాక దస్త్రం మార్పించకపోతే ఏడాదికి 972 రూపాయల నష్టం. ఇందులోని ధర, శాతం ఊహించుకున్నవే. అసలు అంకెలు ఆయా పురపాలక సంఘం పట్టికలో ఉంటాయి.

ఎక్కడ చూడాలి?

రశీదుపై ఉండే పీటీఐఎన్ సంఖ్యతో గానీ, ఇంటి నంబరుతో గానీ పురపాలక శాఖ వెబ్‌సైట్‌లో బకాయి వివరాలు చూడవచ్చు. మొత్తం అంకె ఒక్కటే కనిపిస్తే సరిపోదు. జోను, వర్గం, వినియోగం, విస్తీర్ణం, కట్టిన సంవత్సరం, నివాసి యజమానా కిరాయిదారా అన్న వివరాలు రెవెన్యూ విభాగంలోని మదింపు దస్త్రంలో ఉంటాయి. వాటి నకలు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవ్వకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, జవాబుకు 30 రోజుల గడువు. దస్త్రంలోని విస్తీర్ణానికీ, ‘భువన్’ పటంలో గుర్తించిన విస్తీర్ణానికీ తేడా ఉంటే ఆ తేడా ఎలా వచ్చిందో కూడా అడిగి తెలుసుకోవాలి.

తప్పు తేలితే కొలతలు, ఇంటి ఫొటోలు, అనుమతి పత్రం, కరెంటు బిల్లు జతచేసి కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ ఇవ్వాలి. కొత్తగా వేసిన, లేదా పెంచిన పన్నుపై వచ్చే ప్రత్యేక నోటీసులో అభ్యంతరానికి గడువు రాసి ఉంటుంది. దానిని దాటనివ్వరాదు. అర్జీకి ముద్ర వేసిన రశీదు తీసుకోవాలి. అక్కడ పని కాకుంటే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణి ఉంది.

తవ్వితే పెరగనూ వచ్చు

అర్జీ పెట్టేముందు సొంత ఇంటిని ఒకసారి నిజాయితీగా చూసుకోవాలి. మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేసి, పైన ఒక అంతస్తు లేపి, పన్ను మాత్రం పాత ఇంటికే కడుతున్న వారికి పునఃపరిశీలనలో తగ్గేది ఏమీ ఉండదు, పెరుగుతుంది. 2019 తెలంగాణ పురపాలక చట్టం స్వీయ మదింపును ప్రవేశపెడుతూ, తప్పుడు వివరాలిస్తే 25 రెట్ల జరిమానా అని హెచ్చరించింది. 2025లో కార్పొరేషన్‌గా మారిన మహబూబ్‌నగర్‌కూ ఈ చట్టమే వర్తిస్తుంది. 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇళ్లకు ఏడాదికి 100 రూపాయల పన్ను అన్నదీ ఈ చట్టంతో వచ్చినదే. ఆ స్థాయి ఇంటికి పెద్ద నోటీసు వస్తే తప్పక ప్రశ్నించాలి.

అర్జీ పెండింగులో ఉందని చెల్లింపు ఆపితే నెలకు 2 శాతం వడ్డీ నడుస్తుంది. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ దక్కుతుంది. కనుక కట్టేసి పోరాడటమే లాభం. 2020లో పాత బకాయిల వడ్డీపై 90 శాతం మాఫీ ఇచ్చారు, మళ్లీ 2024లోనూ ఇచ్చారు. అలాంటి అవకాశం ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక దాని కోసం బకాయి పెంచుకోవడం సరికాదు.

పన్ను రశీదును కొందరు ఇంటి పట్టాగా భావిస్తుంటారు. తెల్ల కాగితంపై కొన్న స్థలంలో ఇల్లు కట్టుకున్నవారిలో ఈ భ్రమ ఎక్కువ. పన్ను ఎవరి పేరున ఉన్నా, అది ఏ జోనులో పడినా, రశీదు వల్ల స్థలంపై హక్కు రాదు.