ఎగ్జామ్ కాగానే ఫ్రెండ్స్‌తో ఆన్సర్లు టాలీ చేస్తున్నారా? ఇద్దరికీ 84 వచ్చినా ర్యాంకు ఒకటి కాకపోవచ్చు!

పరీక్ష సెంటర్ గేటు దాటగానే వినిపించే మొదటి మాట ఒక్కటే. "ఆ బిట్‌కి ఏం పెట్టినవ్ మామా?" ఎప్‌సెట్ రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలోనూ ఇదే సీన్. సెంటర్ ఎక్కడ పడ్డా సాయంత్రానికి పురానాపూల్ చేరుకున్న ఇంటర్ పిల్లలు ఛాయ్ హోటల్ ముందు గుంపుగా నిలబడి లెక్కలు తీస్తుంటారు. ఒకరు తెలుగులో, ఇంకొకరు దక్కనీ ఉర్దూలో. "నాకు 100 పక్కా" అని ఒకరు అనగానే పక్కనున్నవాడి ముఖం వాడిపోతుంది. ఇంటికెళ్లి అన్నం కూడా సరిగా తినడు.

కానీ ఆ గుంపులో పోల్చుకున్న మార్కుల్లో చాలావరకు అసలు పోల్చడానికే కుదరనివి. కారణం ఏంటి? మార్కులు ఎలా లెక్కేస్తారు? ఫ్రెండ్స్‌తో టాలీ చేయడం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దెబ్బకొడుతుంది? పూర్తి వివరాలు ఇవీ.

అసలు ఇద్దరి పేపర్ ఒకటేనా?

తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున జేఎన్‌టీయూ హైదరాబాద్ నిర్వహించే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. టైమ్ 3 గంటలు. ఇంజినీరింగ్ వాళ్లకు మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40 ప్రశ్నలు వస్తాయి. అగ్రికల్చర్, ఫార్మసీ వాళ్లకు మ్యాథ్స్ బదులు బోటనీ 40, జువాలజీ 40 ఉంటాయి. నెగెటివ్ మార్కులు లేవు.

2018 నుంచి ఈ పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతోంది. లక్షల మందిని ఒకేసారి కూర్చోబెట్టే అవకాశం లేదు కాబట్టి రోజుకు రెండు సెషన్ల చొప్పున కొన్ని రోజులు పెడతారు. 2025లో అగ్రికల్చర్, ఫార్మసీ పరీక్షలు ఏప్రిల్ 29, 30 తేదీల్లో, ఇంజినీరింగ్ పరీక్షలు మే 2 నుంచి 4 వరకు జరిగాయి. ప్రతి సెషన్‌కూ ప్రశ్నపత్రం వేరు.

అంటే పొద్దున 9 గంటల సెషన్‌లో రాసినవాడూ, మధ్యాహ్నం 3 గంటల సెషన్‌లో రాసినవాడూ పోల్చుకుంటున్నది రెండు వేర్వేరు పేపర్లను. ఒకరి పేపర్ కాస్త ఈజీ, ఇంకొకరిది కాస్త టఫ్ అయి ఉండొచ్చు. ఒకే సెషన్‌లో రాసినవాళ్లకు కూడా ప్రశ్నల వరుస మారవచ్చు. "57వ బిట్‌కి మూడో ఆప్షన్" అన్న లెక్క అక్కడే తప్పుతుంది.

84 ఎలా 88 అవుతుంది? ఎలా 80 అవుతుంది?

ఈ తేడాను సరిచేయడానికే నార్మలైజేషన్ ఉంది. ఇందులో ప్రధానంగా చూసేవి రెండు. ఒకటి, టాప్ 0.1 శాతం మంది సగటు మార్కులు. రెండోది, మొత్తం అభ్యర్థుల సగటుకు స్టాండర్డ్ డీవియేషన్ కలిపితే వచ్చే అంకె. ఈ రెండింటినీ మీ సెషన్‌కు విడిగా, అన్ని సెషన్లకు కలిపి లెక్కేస్తారు. మీ సెషన్ లెక్కను మొత్తం లెక్కతో పోల్చి మీ మార్కులను సర్దుతారు.

అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చిన్న ఉదాహరణ. అన్ని సెషన్లు కలిపి టాప్ సగటు 144, రెండో అంకె 74 అనుకుందాం.

- టఫ్ సెషన్: టాప్ సగటు 140, రెండో అంకె 70. ఇక్కడ 84 తెచ్చుకున్న విద్యార్థి ఆ 70 కంటే 14 మార్కులు పైన ఉన్నాడు. నార్మలైజేషన్ తర్వాత 74కు 14 కలిపి 88 అవుతుంది.
- ఈజీ సెషన్: టాప్ సగటు 148, రెండో అంకె 78. ఇక్కడ అదే 84 తెచ్చుకున్నవాడు 78 కంటే 6 మార్కులే పైన ఉన్నాడు. 74కు 6 కలిపితే 80.

ఛాయ్ హోటల్ దగ్గర ఇద్దరూ 84తో సమానం. ర్యాంకు లిస్టులో మాత్రం 8 మార్కుల తేడా. (ఈ ఉదాహరణలో రెండు అంకెల మధ్య దూరం అన్నిచోట్లా 70 కాబట్టి లెక్క తేలిగ్గా వచ్చింది. అసలు పరీక్షలో ఆ దూరం కూడా మారుతుంది.) కాబట్టి "వాడికి 95, నాకు 84" అని ఆ రాత్రే కుంగిపోవాల్సిన పని లేదు. "నాకే ఎక్కువ" అని పొంగిపోవాల్సిన పనీ లేదు.

గుర్తుంచుకోవాల్సిన ఇంకో విషయం. ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో దాన్ని శాశ్వతంగా ఎత్తేశారు. ఇప్పుడు ఎప్‌సెట్ మార్కులతోనే ర్యాంకు ఇస్తారు. క్వాలిఫై కావాలంటే 25 శాతం, అంటే 160కి 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు.

మరి సరైన టాలీ ఎలా?

పరీక్ష ముగిశాక ప్రిలిమినరీ కీతో పాటు ఎవరి రెస్పాన్స్ షీట్ వాళ్లకు అధికారిక వెబ్‌సైట్‌లో పెడతారు. మీరు ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ క్లిక్ చేశారో అందులో ఉంటుంది. అది పక్కన పెట్టుకుని కీతో చూసుకుంటే వచ్చేదే మీ అసలు స్కోరు. గుర్తున్నంతవరకు చెప్పుకునే లెక్కకూ దీనికీ చాలా తేడా ఉంటుంది.

కీ తప్పని అనిపిస్తే ఇచ్చిన గడువులోపు ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టొచ్చు. ఫ్రెండ్స్‌తో కూర్చోవడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఒకే సెషన్ వాళ్లు కలిసి డౌట్ ఉన్న బిట్‌ను అకాడమీ పుస్తకంలో వెతికి, ఆధారం చూపి అభ్యంతరం పెడితే దానికి బలం ఉంటుంది.

ఒక్క బిట్ ఎంత మార్చగలదు?

2024 నీట్ ఇందుకు పెద్ద ఉదాహరణ. ఫిజిక్స్‌లో పరమాణువులపై వచ్చిన ఒక ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకో జవాబు వచ్చాయి. ఎన్‌టీఏ మొదట రెండింటికీ మార్కులిచ్చింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్క ఆప్షనే కరెక్ట్ అని తేల్చారు. దాంతో 4 లక్షల మందికి పైగా 5 మార్కులు కోల్పోయారు. జవాబుకు ఇచ్చిన 4 పోయాయి, నెగెటివ్ మార్కు 1 పడింది. 720కి 720 తెచ్చుకున్నవాళ్లు 61 నుంచి 17కు తగ్గారు. ఒక బిట్ దగ్గర ఎవరు కరెక్టో గేటు దగ్గర ఎంత అరుచుకున్నా తేలదు, ఫైనల్ కీ వచ్చేదాకా ఆగాల్సిందే.

టెన్త్, ఇంటర్ వాళ్ల సంగతేంటి?

బోర్డు పరీక్షల్లో రాష్ట్రమంతా ఒకే పేపర్ కాబట్టి పోల్చుకోవడానికి కొంత వీలుంది. అయితే ఎగ్జామ్స్ మధ్యలో టాలీ వద్దు. మ్యాథ్స్‌లో పోయిన రెండు మార్కుల బాధ తర్వాతి పేపర్‌లో పదింటిని లాగేస్తుంది.

ఫలితాలు వచ్చాక మీరు రాసినదానికీ మెమోకూ పొంతన లేకపోతే మాత్రం ఊరుకోవద్దు. 2019 ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 మార్కులు రావాల్సిన విద్యార్థినికి సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లను ఉచితంగా రీ వెరిఫికేషన్ చేయిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. మెమోలో తప్పు పడొచ్చు. దాన్ని సరిచేసుకునే దారి కూడా ఉంటుంది. రీకౌంటింగ్, రీ వెరిఫికేషన్‌కు ఏటా అవకాశం ఇస్తారు. ఆ గడువు కొద్ది రోజులే, దాటనివ్వొద్దు.

ఇవి గుర్తుంచుకోండి

- ముందు సెషన్ అడగండి. వేరే సెషన్ అయితే మార్కులు పోల్చొద్దు.
- రెస్పాన్స్ షీట్ రాగానే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.
- గ్రూపుల్లో తిరిగే "కీ"లను నమ్మొద్దు. అధికారిక కీ మాత్రమే చూడండి.
- డౌట్ బిట్లపై ఆధారాలతో గడువులోపు అభ్యంతరం పెట్టండి.
- అమ్మానాన్నలు గేటు దగ్గరే "ఎన్ని వస్తాయ్?" అని అడగొద్దు. "తిన్నావా?" అని అడిగితే చాలు.

పిల్లలు మాట్లాడటం మానేసినా, తిండి నిద్ర తగ్గినా తేలిగ్గా తీసుకోవద్దు. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా కాల్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.