సిల్డెనాఫిల్ – నేత్రపటలం: తాత్కాలిక ప్రభావాల పరిశోధన చరిత్ర

వ్యాససంగ్రహం:
పురుషులలో స్తంభనలోపానికి చికిత్సగా 1998లో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ (వయాగ్రా) కొందరి చూపులో కొద్ది గంటలపాటు మార్పు తెస్తుంది. దీని కారణం త్వరగా బోధపడటానికి అంతకుముందు సాగిన నేత్రపటల పరిశోధన ఎలా తోడ్పడిందో, ‘తాత్కాలికం’ అన్న నిర్ధారణకు గల హద్దులేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సిల్డెనాఫిల్, నేత్రపటలం, వర్ణదృష్టి, ఎలక్ట్రోరెటినోగ్రామ్, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
ఒక అవయవం కోసం ఇచ్చిన మందు మరొక అవయవంపై పనిచేయడం వైద్యచరిత్రలో కొత్త విషయం కాదు. శరీరానికి నీరుపట్టే వ్యాధికి వాడిన డిజిటాలిస్ మొక్క మందు వల్ల వస్తువులు పసుపుగానో ఆకుపచ్చగానో కనిపిస్తాయని విలియం విదరింగ్ 1785లోనే నమోదు చేశాడు. అయితే ఆ మార్పునకు కారణం చెప్పగల శాస్త్రం ఆనాటికి లేదు. సిల్డెనాఫిల్ విషయం ఇందుకు భిన్నం. మందు వెలువడేనాటికే దాని ప్రభావాన్ని వివరించగల జ్ఞానం సిద్ధంగా ఉంది.

2. పూర్వరంగం:
వెలుతురు పడినప్పుడు కంటిలో పుట్టే విద్యుత్ స్పందనను స్వీడన్‌కు చెందిన హోల్మ్‌గ్రెన్ 1865లో గుర్తించాడు. ఆ స్పందనలోని భాగాలను గ్రానిట్ 1933లో విడదీసి చూపాడు. 1967 నోబెల్ పురస్కారం పొందిన వారిలో అతడొకడు. కార్పే 1945లో ఈ పద్ధతిని రోగుల పరీక్షకు అనువుగా మలిచాడు. దీనినే ఎలక్ట్రోరెటినోగ్రామ్ (ఇ.ఆర్.జి.) అంటారు.

రెండవ పాయ జీవరసాయన శాస్త్రానిది. దండకణాల పొరలోని అయాను ద్వారాలను సైక్లిక్ జి.ఎం.పి. అనే అణువు నేరుగా తెరుస్తుందని ఫెసెంకో బృందం 1985లో నిరూపించింది. చీకటిలో ఈ అణువు సమృద్ధిగా ఉండి ద్వారాలను తెరిచి ఉంచుతుంది. వెలుతురు సోకగానే ఫాస్ఫోడైఎస్టరేజ్-6 (పి.డి.ఇ.-6) అనే ఎంజైము ఆ అణువును విచ్ఛిన్నం చేస్తుంది. ద్వారాలు మూసుకుంటాయి. చూపునకు తొలి సంకేతం ఈ మూసుకోవడమే.

3. మందు ఆవిర్భావం:
ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ సంస్థ శాస్త్రజ్ఞులు సిల్డెనాఫిల్‌ను గుండెనొప్పికి మందుగా పరీక్షించారు. ఆశించిన ఫలితం దక్కలేదు. పరీక్షలలో పాల్గొన్న పురుషులలో కనిపించిన అంగస్తంభనం పరిశోధనను మరో దారి పట్టించింది. 1998 మార్చి 27న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఈ మందు నిరోధించవలసినది పి.డి.ఇ.-5 అనే ఎంజైమును. నేత్రపటలంలోని పి.డి.ఇ.-6 దానికి దగ్గరి బంధువు. దీనిపై మందు ప్రభావం సుమారు పది రెట్లు తక్కువే గాని శూన్యం కాదు. కనుక మోతాదు పెరిగేకొద్దీ చూపులో మార్పు కూడా పెరుగుతుంది.

4. పరిశీలనలు:
దృశ్యానికి నీలిఛాయ, వెలుతురును ఓర్వలేకపోవడం, మసకబారడం ప్రధాన లక్షణాలు. 100 మిల్లీగ్రాముల మోతాదులో 11 శాతం మంది చూపులో తేడాను చెప్పినట్లు మందు అధికారిక వివరణపత్రం పేర్కొన్నది. ఫార్న్స్‌వర్త్-మన్సెల్ వర్ణపరీక్షలో నీలం, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా గుర్తించే శక్తి స్వల్పంగా తగ్గింది. రక్తంలో మందు గరిష్ఠస్థాయికి చేరే సమయంలోనే ఈ తగ్గుదల కూడా అధికం. దృష్టి తీక్షణత, కంటి లోపలి పీడనం మాత్రం మారలేదు. 1999లో లాన్సెట్ పత్రికలో జర్మన్ వైద్యులు ప్రకటించిన ఇ.ఆర్.జి. ఫలితాలు నేత్రపటల స్పందనలోనే మార్పు ఉన్నదని చూపాయి. అంటే రోగి మాటగా విన్నది యంత్రపు రేఖగా రుజువైంది. నీలం, ఆకుపచ్చ దీపాలను గుర్తించవలసిన విమానచోదకులు మందు వాడిన తరువాత 6 గంటలు విమానం నడపరాదని అమెరికా పౌరవిమానయాన సంస్థ తొలుత సూచించింది.

5. ‘తాత్కాలికం’ – హద్దులు:
ఈ ఇ.ఆర్.జి. పరీక్షలు ఎక్కువగా ఆరోగ్యవంతులపై, ఒకే మోతాదుతో జరిగాయి. మందు వాడేవారిలో నడివయసు దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు అధికం. పరీక్షకు కూర్చున్న కన్ను వేరు, మందు చేరే కన్ను వేరు. రెటినైటిస్ పిగ్మెంటోసా రోగులలో కొందరికి పి.డి.ఇ.-6కు సంబంధించిన జన్యులోపమే ఉంటుంది. వారి విషయంలో ఆరోగ్యవంతుల ఫలితం ప్రమాణం కాజాలదు.

2005లో మరో ప్రశ్న తలెత్తింది. దృక్‌నాడి ముందుభాగానికి రక్తప్రసరణ తగ్గి హఠాత్తుగా చూపు పోయిన ఉదంతాలు వెలుగుచూడగా, జూలైలో ఈ కోవ మందుల వివరణపత్రాలలో హెచ్చరిక చేరింది. మందే కారణమని అప్పుడు తేల్చలేకపోయారు. ఎందుకంటే వయసు, మధుమేహం, రక్తపోటు స్తంభనలోపానికీ ఈ నేత్రవ్యాధికీ ఉమ్మడి హేతువులు. పైగా ఇది దృక్‌నాడికి చెందిన సమస్య. పి.డి.ఇ.-6 వివరణ దీనికి వర్తించదు.

6. ముగింపు:
- సిల్డెనాఫిల్ దృష్టిప్రభావం త్వరగా అర్థం కావడానికి అంతకుముందు శతాబ్దానికి పైగా సాగిన మౌలిక పరిశోధనే ఆధారం.
- నీలిఛాయ కొద్ది గంటలలో తొలగిపోతుందన్నది ఆరోగ్యవంతమైన నేత్రపటలం గురించి పరీక్షలు ఇచ్చిన సమాధానం. దానిని రోగగ్రస్త నేత్రానికీ దృక్‌నాడికీ విస్తరించి చెప్పడం శాస్త్రసమ్మతం కాదు.
- ఔషధచరిత్రను రాసేవారు ‘హాని లేదు’ అన్న వాక్యం ఎదురైనప్పుడల్లా ఎవరికి, ఎంత మోతాదులో, ఎంత కాలం పరీక్షించి అన్న మాట అది అని విచారించడం అవసరం.