పాత విడిది, కొత్త నివాసం: ఉధ్నా శ్రామికులకు అద్దె ఇళ్ల మార్గం

సూరత్ నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం ఒకప్పుడు యాత్రికుల సరాయి. మొఘల్ చక్రవర్తి షాజహాన్ కాలంలో, 1644లో, హకీకత్ ఖాన్ దానిని కట్టించారు. సూరత్ రేవు నుంచి హజ్‌కు ఓడ ఎక్కేవారు అక్కడ బస చేసేవారు. నడుమ ముంగిలి, చుట్టూ వరుస గదులు ఉన్న ఆ కట్టడాన్ని స్థానికులు నేటికీ ముగలీసరా అని పిలుస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో అది పురపాలక కార్యాలయంగా మారింది. బాటసారుల కోసం కట్టిన భవనం ఒక నగర పాలనకు నిలయం కాగలిగినప్పుడు, పాత విడిదులు సామాన్యుల నివాసాలు కాగలవా అన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. నగరానికి దక్షిణ భాగాన ఉన్న ఉధ్నాలో ఆ ప్రశ్న వేలాది శ్రామికుల బతుకుతో ముడిపడి ఉంది.

ఉధ్నా అవసరం

ముంబయి–అహ్మదాబాద్ ప్రధాన మార్గం నుంచి జల్గాఁవ్ వైపు రైలు మార్గం చీలేది ఉధ్నా కూడలి వద్దనే. సహకార పారిశ్రామికవాడ, మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు ఈ ప్రాంతానికి ఆయువుపట్టు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఉధ్నా, లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చే కార్మికులు మరమగ్గాల పరిశ్రమకు మరో అండ.

ఒంటరిగా వచ్చిన కార్మికులలో అనేకులు మెస్‌లుగా పేరుపడ్డ ఇరుకు గదుల్లో ఉంటారు. పన్నెండు గంటల పగటి పాళీ ముగించుకొని ఒకరు వచ్చేసరికి, రాత్రి పాళీకి మరొకరు లేచి వెళతారు. ఒకే పరుపు చోటు ఇద్దరికి సరిపెట్టుకోవాలి. అలాంటి చోట భార్యాబిడ్డలకు తావు ఉండదు. కాలు విరిగినవారికి, వృద్ధాప్యం పైబడినవారికి మెట్లు ఎక్కడమే గండం.

ఖాళీ ఇళ్లతో తొలి అడుగు

2020 లాక్‌డౌన్‌లో వలస కార్మికులు పట్టణాలను విడిచి వెళ్లిన దరిమిలా, కేంద్ర మంత్రివర్గం అదే సంవత్సరం జులైలో సరసమైన అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా ఉంచిన ఇళ్లను బాగుచేసి 25 ఏళ్లపాటు అద్దెకు నడపడం అందులో మొదటి నమూనా. ఈ పద్ధతిలో సూరత్‌లో 393 ఇళ్లు అద్దె నివాసాలుగా మారాయి. 2024లో ఆమోదం పొందిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలోనూ అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది.

ఉన్న కట్టడాన్ని వాడుకుంటే పునాది, గోడలు, నీటి గొట్టాలు, వీధి అనుసంధానం ముందే సిద్ధంగా ఉంటాయి. అది పని చోటుకు దగ్గరగా ఉంటే కార్మికునికి రానుపోను ఖర్చూ మిగులుతుంది.

హోటల్ ఇల్లుగా మారిన తీరు

చారిత్రక హోటళ్లను ఇళ్లుగా మార్చిన ఉదాహరణల్లో న్యూయార్క్ నగరానివి ప్రసిద్ధం. 1920వ దశకంలో కట్టిన టైమ్స్ స్క్వేర్ హోటల్ శిథిల స్థితికి చేరినప్పుడు, రోజాన్ హగర్టీ స్థాపించిన కామన్ గ్రౌండ్ సంస్థ 1990వ దశకం తొలినాళ్లలో దానిని చేపట్టి 652 నివాసాలుగా తీర్చిదిద్దింది. నీడ లేనివారికీ, తక్కువ వేతనంతో పనిచేసేవారికీ ఒకే కప్పు కింద చోటిచ్చింది. 1904 నాటి ప్రిన్స్ జార్జ్ హోటల్‌ను అదే సంస్థ 1999లో 416 చిన్న నివాసాలుగా తెరిచింది. అక్కడి పాత నృత్యమందిరాన్ని కూల్చకుండా పునరుద్ధరించి, సామాజిక కార్యక్రమాలకు వేదికగా నిలిపింది.

ఈ మార్పునకు హోటల్ నిర్మాణమే అనుకూలించింది. వరుస గదులు ఒంటరి నివాసాలయ్యాయి. కింది అంతస్తులోని విశాలమైన మందిరాలు అందరూ కలుసుకునే చోట్లయ్యాయి.

అవరోధాలు లేని ప్రవేశం

పాత భవనాలలో ఎత్తైన అరుగులు, ఇరుకు తలుపులు సామాన్యం. చక్రాల కుర్చీకి వాలుబాట నిష్పత్తి 1:12 ఉండాలి. అంటే 45 సెంటీమీటర్ల ఎత్తున్న అరుగుకు కనీసం 5.4 మీటర్ల వాలుబాట అవసరం. తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు ఉంటే కుర్చీ సులువుగా దాటుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రజోపయోగ భవనాలను అందరికీ అందుబాటులోకి తేవాలని నిర్దేశించింది. అందుబాటు ప్రమాణాలు సిఫారసులుగా మిగిలిపోరాదని, వాటిలో తప్పనిసరి నిబంధనలు ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది.

ముందే తేల్చుకోవలసినవి

పాత భవనాన్ని చేపట్టేముందు యాజమాన్య హక్కు తేలాలి. ముగలీసరానే 2021లో గుజరాత్ వక్ఫ్ బోర్డు వక్ఫ్ ఆస్తిగా ప్రకటించగా, 2024లో ట్రిబ్యునల్ ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. తరువాత గోడల దృఢత్వం, అగ్నిమాపక ఏర్పాట్లు, లిఫ్టుకు తగిన చోటు పరిశీలించాలి.

అద్దె ఎంత, అది ఎవరి ఆదాయానికి తగినది, ఎంతకాలం పెరగకుండా ఉంటుంది అన్నవి ఒప్పందంలోనే రాసుకోవాలి. లేకపోతే బాగుపడిన భవనంలో చేరేది అద్దె భరించగల మరొక వర్గమే. చదువుకునే గది, పిల్లల సంరక్షణ కేంద్రం, పండుగ జరుపుకొనే మందిరం నక్షాలో మొదటినుంచే ఉండాలి. పాత కట్టడంలో గదులు మాత్రమే పెంచితే ఉధ్నాకు దక్కేది మరో మెస్. తక్కువ అద్దె, మెట్లు లేని దారి, నలుగురు కూర్చునే చోటు కలిసి వచ్చినప్పుడే మగ్గం కార్మికుడు ఊరి నుంచి కుటుంబాన్ని వెంటతెచ్చుకోగలడు.