బొంబాయి మిల్లుపేటల్లో అంటువ్యాధులు, మరణాల రేటు

20వ శతాబ్దపు తొలి పాతికేళ్లలో బొంబాయిలోని పరేల్, బైకుల్లా, నాగ్‌పాడా, కామాఠీపుర ప్రాంతాలు అంటువ్యాధులకు నెలవుగా ఉండేవి. బట్టల మిల్లుల చుట్టూ పెరిగిన ఈ పేటల్లో కూలీలు చాల్‌లలో కాపురముండేవారు. నడవ వెంబడి ఒంటిగదులు, అందరికీ ఉమ్మడి మరుగుదొడ్లు. రెండు చాల్‌ల మధ్య ఇరుకు సందులోకే మురుగూ చెత్తా పడేవి. తెలుగునేల నుంచి వలస వెళ్లిన కామాఠీ కూలీల వల్లే కామాఠీపురకు ఆ పేరొచ్చింది.

1896 సెప్టెంబరులో మాండ్వీ రేవుపేటలో డాక్టర్ అకాసియో వీగస్ ప్లేగును గుర్తించాడు. అక్కడి ధాన్యం గోదాములు ఎలుకలకు ఆటపట్టు. చావులకు వలసలు తోడై, 1891లో 8,21,764 ఉన్న నగర జనాభా 1901కి 7,76,006కు పడిపోయింది. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి ప్లేగు ఏటా చలికాలం చివర్లో రేగి, మార్చి ప్రాంతంలో ముదిరి, వానలనాటికి తగ్గేది. 1905 నుంచి పరేల్ ప్రయోగశాలలో పనిచేసిన పరిశోధకులు ప్లేగు సోకిన ఇళ్లలో గినీపందులను వదిలి, వాటి ఒంటికి పట్టిన ఫ్లీ పురుగులను పరీక్షించేవారు. ఎలుక నుంచి మనిషికి రోగాన్ని మోసేది ఎలుకల ఒంటిపై ఉండే ఈ ఫ్లీ పురుగేనని అలా రూఢి అయింది.

ప్లేగు ఊరంతటినీ హడలగొట్టింది గానీ క్షయ, న్యుమోనియా ఏడాది పొడవునా చప్పుడు లేకుండా జనాన్ని తీసుకుపోయేవి. మలేరియాకు మూలం ఇళ్లలోని బావుల్లో పుట్టే దోమలేనని 1911లో వైద్యుడు బెంట్లీ ఇచ్చిన నివేదిక తేల్చింది. బావులు మూయమంటే మతాచారాల పేరిట అభ్యంతరాలు వచ్చాయి.

1918 జూన్‌లో రేవు దగ్గరి పోలీసుల్లో బయటపడిన ఇన్‌ఫ్లూయెంజా సెప్టెంబరులో మళ్లీ విరుచుకుపడింది. అక్టోబరు 6 ఒక్కరోజే 768 మరణాలు నమోదయ్యాయి. ఈ జ్వరానికి నిమ్నకులాలుగా నమోదైన హిందువుల్లో వెయ్యికి 61.6 మంది, ఇతర హిందువుల్లో 18.9 మంది, యూరోపియన్లలో 8.3 మంది పోయారు.

శిశు మరణాల లెక్క మరీ దారుణం. 1921లో నమోదైన ప్రతి వెయ్యి జననాలకు 667. ఒంటిగది కాపురాల్లో 828. అయితే ఈ అంకెల్ని ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. కూలీ స్త్రీలు చాలామంది పురిటికి సొంతూరు వెళ్లేవారు. అక్కడ పుట్టి, తల్లి వెంట మిల్లుపేటకు వచ్చాక కన్నుమూసిన బిడ్డ చావు నగరం పద్దులో పడేది, పుట్టుక పడేది కాదు. పెద్దల విషయంలో ఈ తిరకాసు తలకిందులు: క్షయతో చిక్కి సొంతూరు చేరి చనిపోయిన కూలీ ఇక్కడి లెక్కలోకే రాడు. అంటే వయోజనుల మరణాల రేటు అసలుకంటే తక్కువగానే కనిపించి ఉంటుంది. పసిపిల్లల్ని నల్లమందు కలిసిన బాలగోళీలతో నిద్రపుచ్చి తల్లులు పనికి వెళ్లేవారన్నది మాత్రం అంకెలతో పనిలేని నిజం.

ఈ ఇరుకు బతుకుల్ని చక్కదిద్దడానికి 1898లో ఏర్పడిన నగర ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు నాగ్‌పాడా వంటి పేటల్లో ఇరుకిళ్లు కూల్చింది. నిలువ నీడ పోయినవారు పక్క సందుల్లోనే సర్దుకున్నారు. గదిలోకి వెలుతురు రావాలంటే ఎదుటి కట్టడం ఎంత ఎత్తుండాలో చెప్పే 63½ డిగ్రీల సూత్రాన్ని ట్రస్టు అధ్యక్షుడు ఓర్ ప్రచారం చేశాడు. 1920లలో ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్, శివ్డీలలో కాంక్రీటు చాల్‌లు కట్టించింది. అవీ ఒంటిగదులే, మరుగుదొడ్లూ ఉమ్మడివే. వర్లీలో చాలా గదులు అద్దెకు దిగేవారు లేక ఖాళీగా ఉండిపోయాయి.