కూలివాని వేషంలో వచ్చిన గురువు: పునీత జోసఫ్ వాజ్

1658లో జాఫ్నా కోట పతనంతో సింహళద్వీపంలో పోర్చుగీసుల పాలన ముగిసింది. తీరప్రాంతం డచ్చి ఈస్టిండియా కంపెనీ వశమైంది. ప్రొటెస్టంట్లయిన కొత్త పాలకులు కథోలిక గురువులను వెళ్ళగొట్టి, వారికి ఆశ్రయమిచ్చినవారికి మరణశిక్ష విధిస్తామని శాసనం చేశారు. పూజ చేసేవారు, పాపసంకీర్తనం వినేవారు లేక కథోలికులు దాదాపు ముప్ఫై ఏళ్ళు గడిపారు. 1687లో ఒక గురువు ఆ దీవిలో అడుగుపెట్టాడు. అయితే ఆయన ఐరోపా నుండి రాలేదు, ఏ ప్రభుత్వమూ ఆయనను పంపలేదు. ఒంటిమీద కూలివాని బట్ట, వెంట జాన్ అనే సహాయకుడు, ఇంతే ఆయన పరివారం.

జోసఫ్ వాజ్ 1651 ఏప్రిల్ 21న గోవాలోని బెనౌలిమ్‌లో, కథోలికులుగా మారిన కొంకణి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. 1676లో గురుపట్టం పొందాడు. ఆనాటి గోవాలో స్థానికుడు గురువు కావచ్చు గాని, ఐరోపా మఠసభలు అతనిని సాధారణంగా చేర్చుకునేవి కావు. అందువల్ల కొందరు గోవా గురువులు తామే ఒక సమాజంగా ఏర్పడ్డారు. 1685లో వాజ్ అందులో చేరి, పునీత ఫిలిప్ నేరి ఏర్పరచిన ఒరటోరియన్ సంప్రదాయానికి అనుగుణంగా దానిని తీర్చిదిద్దాడు. ఈ సమాజంలోనూ ప్రధానంగా బ్రాహ్మణ మూలాలున్నవారికే చోటుండేదన్నది దాచవలసిన విషయం కాదు. మతం మారినంత సులువుగా కులం మారలేదు.

ఈ నేపథ్యంలో 1677లో ఆయన రాసుకున్న ఒక పత్రాన్ని గమనించాలి. తాను మరియమాతకు శాశ్వత దాసుడనని, కొనుగోలు దస్తావేజు ధోరణిలో, సంతకంతో రాసి ఇచ్చిన పత్రమది. భక్తి సాహిత్యంలో దాస్యభావం మనకు కొత్త కాదు. అయితే పోర్చుగీసు గోవాలో బానిసలను నిజంగానే కొనేవారు, అమ్మేవారు. అక్కడ ఆ మాట అలంకారం కాదు. కులగౌరవం కలిగిన ఇంటి కుమారుడు ఆ మాటను తనకు వర్తింపజేసుకున్నాడు. పదేళ్ళ తరువాత వేసిన కూలివాని వేషం దానికి కొనసాగింపేనని చెప్పవచ్చు.

ఆ వేషానికి ఆచరణలో మరో ప్రయోజనం ఉంది. తెల్లవాడు తీరంలో దిగితే పట్టుబడడానికి ఎంతోసేపు పట్టదు. గోవాలో ఏ మేనిఛాయ మఠసభల తలుపులు మూసిందో, జాఫ్నాలో ఆ ఛాయే ఆయనను కాపాడింది. ఆయన మెడలో జపమాలతో ఇంటింటా భిక్ష అడిగేవాడని, దానిని చూసి ఎవరి ముఖం మారుతుందో గమనించి కథోలికులను గుర్తించేవాడని సంప్రదాయం చెబుతుంది. రాత్రివేళల్లో పూజ, తెల్లవారేలోగా మరో ఊరికి ప్రయాణం. ఒక క్రిస్మస్ నాటి రాత్రి డచ్చి సైనికులు భక్తులపై దాడిచేసి పలువురిని నిర్బంధించారు. ఆయన చిక్కలేదు.

1692లో కాండీ రాజ్యం చేరినప్పుడు ఆయనను పోర్చుగీసు గూఢచారిగా అనుమానించి చెరలో వేశారు. తరువాతి ఏడు అనావృష్టి కాలంలో ఆయన ప్రార్థించగా వాన కురిసిందని, రాజు సంతోషించి స్వేచ్ఛనిచ్చాడని కథోలికులు చెప్పుకుంటారు. వానతోపాటు రాజకీయాన్నీ లెక్కించాలి. డచ్చివారు ద్వేషించే మనిషి కాండీ రాజుకు తప్పనిసరిగా శత్రువు కానక్కరలేదు. ఏమైనా, బౌద్ధ రాజైన రెండవ విమలధర్మసూర్యుని నీడలో, ఒక క్రైస్తవ కంపెనీ నుండి కథోలిక గురువుకు రక్షణ దొరికింది.

1697లో కాండీలో మశూచి వ్యాపించింది. బంధువులే రోగులను వదిలి పారిపోతుంటే వాజ్, ఆయన సహచరులు వారికి సేవచేశారు, మృతులను పాతిపెట్టారు. కులం, మతం అడగలేదు. అంటు భయం, మైల భయం రెండూ బలంగా ఉన్న కాలంలో ఈ పని విలువ వానకన్నా తక్కువ కాదు.

ఆయన 1711 జనవరి 16న కాండీలో మరణించాడు. ఆయన మిగిల్చినదాంట్లో భవనాలకన్నా పద్ధతి ముఖ్యం. ప్రార్థనలు తమిళ, సింహళ భాషల్లోకి వచ్చాయి. 1705లో చేరిన జకోమె గొన్సాల్వెస్ ఆ రెండు భాషల్లోనూ విస్తారంగా రచించి సింహళ కథోలిక సాహిత్యానికి ఆద్యుడయ్యాడు. గురువు రాలేని ఊళ్ళలో ప్రార్థనలు నడిపించడానికి గృహస్థులను నియమించారు. ఈ ఏర్పాటుకు పరీక్ష త్వరలోనే వచ్చింది. 1739లో కాండీ సింహాసనం తెలుగు మూలాలున్న మధుర నాయకుల వంశానికి చేరింది. ఆ వంశపు తొలి రాజు శ్రీ విజయరాజసింహుని కాలంలో కథోలిక గురువులను రాజ్యం నుండి వెళ్ళగొట్టారు. గురువులు పోయినా ఊళ్ళలో ప్రార్థన ఆగలేదు. గోవా నుండి ఒరటోరియన్లు పందొమ్మిదవ శతాబ్దం వరకు దీవికి వస్తూనే ఉన్నారు.

1995లో రెండవ జాన్ పాల్ పోపు ఆయనను ధన్యునిగా ప్రకటించారు. 2015 జనవరి 14న కొలంబో గాల్ ఫేస్ మైదానంలో ఫ్రాన్సిస్ పోపు, రెండవ అద్భుతం కావాలన్న నియమాన్ని సడలించి, పునీతునిగా ప్రకటించారు. శ్రీలంకకు ఆయనే తొలి పునీతుడు. ఆయనను ఖననం చేసిన కాండీ చర్చి మాత్రం ఏనాడో నాశనమైంది. సమాధి ఉన్న చోటు ఇప్పటికీ నిర్ధారణ కాలేదు.