గృహ విద్యుత్తు: రక్షణ నియమముల చరిత్ర

ఇస్త్రీపెట్టెకు ఉండు మూడు పిన్నుల ప్లగ్గును చేతిలోనికి తీసికొని పరిశీలింపుడు. పై పిన్ను మిగిలిన రెండింటికంటె లావుగను, పొడవుగను ఉండును. ఇట్లేల చేసిరి? ఈ చిన్న ప్రశ్న వెనుక నూటనలుబది యేండ్ల చరిత్ర కలదు.

1882 సెప్టెంబరు 4వ తేదీన ఎడిసన్ న్యూయార్కు నగరములోని పెర్ల్ వీథియందు విద్యుత్కేంద్రమును ప్రారంభించెను. అది 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఇండ్లకు, కార్యాలయములకు అందించెను. ఆ కాలమున నూలు చుట్టిన రాగితీగలను గాడి తీసిన చెక్క పట్టీలలో పరచుచుండిరి. నూలు తడిసినను, తీగలో మేకు దిగినను విద్యుత్తు దారి తప్పును. తీగ కాగి చెక్క అంటుకొనును. ఆ యేడే తన భవనమున విద్యుద్దీపములు పెట్టించుకొనిన ప్రసిద్ధ ధనికుడు జె. పి. మోర్గన్ గ్రంథాలయములోని బల్ల, కొలదికాలమునకే తీగల దోషమువలన కాలిపోయెను.

ఈ అపాయమును ముందుగా గుర్తించినవారు ఇంజనీర్లును, అగ్నిభీమా కంపెనీలవారును. పెర్ల్ వీథి కేంద్రము తెరచుటకు రెండు నెలలకు పైగా ముందే, అనగా 1882 జూన్ 21న, లండనులోని టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘము కొన్ని నియమములను ప్రకటించెను. విద్యుద్దీపములవలన కలుగు అగ్నిప్రమాదములను నివారించుటయే వాటి ముఖ్యోద్దేశము. ఆ చిన్న పత్రమే పెరిగి పెరిగి 2018 నాటికి పదునెనిమిదవ కూర్పుగా వెలువడినది. అమెరికాలో జాతీయ విద్యుత్ నియమావళి 1897లో వచ్చెను.

అగ్నిభయమునకు మందు ఫ్యూజు. తీగలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమునకు అనుపాతములో ఉండునని జౌల్ నియమము. ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగింతలగును. కావున గోడలోని తీగ కాగకముందే కరగిపోవునట్లు సన్నని తీగ ముక్కను దారిలో ఉంచిరి. ఇల్లు కాలకుండ ఇది కాచును. మరి మనిషినో?

ఇస్త్రీపెట్టెలోని ఫేజు తీగ తొడుగు చిరిగి లోహపు పెట్టెకు తగిలినదనుకొందము. తడిచేతులతో దానిని పట్టుకొనిన మనిషి దేహ నిరోధము 2,000 ఓములైనచో, 230 వోల్టుల వద్ద అతని గుండా సుమారు 0.115 ఆంపియరు ప్రవహించును. గుండె లయ తప్పి ఆగిపోవుటకు అది చాలును. ఐదు ఆంపియర్ల ఫ్యూజునకు మాత్రము దాని జాడయే తెలియదు!

అందుచే మూడవ తీగ అవసరమాయెను. లోహపు పెట్టెను భూమితో కలిపినచో, దోషము కలిగిన వెంటనే పెద్ద ప్రవాహము భూమిలోనికి పోయి ఫ్యూజు కరగును. ప్లగ్గును దూర్చునపుడు ఈ రక్షణ అన్నింటికంటె ముందు ఏర్పడవలెను. తీయునపుడు చివరకు తొలగవలెను. పై పిన్ను పొడవుకు కారణమిదే. మన గుండ్రని పిన్నులు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణమునుండి వచ్చినవి. 1947లో బ్రిటను దీర్ఘచతురస్రాకారపు పిన్నులకు మారినది. మనము పాతవాటినే నిలుపుకొంటిమి. వినియోగదారుని యింట ఎర్తు కొనను సరఫరాదారుడే ఏర్పరుపవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమములు విధించినవి.

ఇంతటితో చిక్కు తీరలేదు. వేసవిలో ఎర్తు గొయ్యి ఎండి, దాని నిరోధము 50 ఓములకు పెరిగినదనుకొందము. అపుడు పోవునది 4.6 ఆంపియర్లే. ఫ్యూజు కరగదు, పెట్టె ప్రాణాంతకముగనే నిలిచియుండును.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ డాల్జియల్, ఎంత ప్రవాహమువరకు మనిషి పట్టుకొనిన తీగను విడువగలడో స్వచ్ఛందముగా వచ్చినవారిపై కొలిచెను. తుదకు 1961లో ఒక రక్షణ సాధనమును రూపొందించెను. ఇట్టి సాధనములో పోవు తీగ, వచ్చు తీగ రెండును ఒక అయస్కాంత వలయముగుండా సాగును. రెండు ప్రవాహములు సమానమైనచో వాటి ప్రభావములు పరస్పరము రద్దగును. కొంత భూమిలోనికి జారినచో తేడా ఏర్పడి స్విచ్చి తెగిపోవును. అమెరికా నియమావళి 1975లో స్నానపు గదుల సాకెట్టులకు దీనిని తప్పనిసరి చేసినది. మన ఇండ్లలో ఆర్‌.సి.సి.బి. యనునది ఇట్టిదే. మనుష్యుల రక్షణకు సాధారణముగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగునది వాడుదురు. అయినను, భూమితో సంబంధము లేక ఫేజు, న్యూట్రలు రెండింటిని ఒక్కసారి పట్టుకొనినవానిని ఇది రక్షింపజాలదు.

ఇల్లు కాలకుండ చూచుటతో మొదలైన నియమములు మనిషివరకు వచ్చుటకు ఇన్ని యేండ్లు పట్టినవి. ఫ్యూజు పోయినపుడు లావుపాటి రాగితీగ చుట్టువారును, ప్లగ్గు లేక తీగ కొనలను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లతో బిగించువారును ఒక్క క్షణములో మనలను తిరిగి 1882కు తీసికొనిపోవుచున్నారు. విద్యార్థులు నేడే తమ యింటి మీటరు పెట్టె వద్ద పెద్దల సమక్షమున ఆర్‌.సి.సి.బి. ఉన్నదో లేదో చూడవలెను. ఉన్నచో దానిపై గల పరీక్ష బొత్తామును నొక్కించి చూడవలెను. అది వెంటనే తెగినచో మంచిదే. తెగనిచో ఎలక్ట్రీషియనును పిలువవలసిన దినము ఆ దినమే.