రెండుసార్లు కట్టిన శిస్తు

గవర్నర్‌పేటలో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి స్టీవెన్సన్‌ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన ‘కాంచన ద్వీపం’ ఆయనదే. అదే రచయిత 1886లో రాసిన ‘కిడ్నాప్డ్’ మాత్రం మనవైపు అంతగా నలగలేదు. నేనూ ఎడిన్‌బరో వచ్చాకే చదివాను. ఇక్కడి చరిత్ర ఏమిటని మనవాళ్లు అడిగితే ఆ నవలే చదవమంటున్నాను.

పైకి అది పిల్లల సాహసకథ. డేవిడ్ బాల్ఫర్ అనే పదిహేడేళ్ల కుర్రాణ్ని ఆస్తి కోసం సొంత బాబాయే ఓడెక్కించి, కరోలినాలో అమ్మేయమంటాడు. దాయాదుల కుట్రలు మనకేం కొత్త? అసలు కథ ఆ ఓడ పగిలాక స్కాట్లండ్ కొండల్లో ఉంది.

1746 ఏప్రిల్ 16న కలొడెన్ దగ్గర, స్టూవర్ట్ రాజవంశం కోసం లేచిన హైలాండర్ల, అంటే ఆ కొండవాళ్ల, సైన్యం గంటలోపే చిత్తయింది. లండన్ ప్రభుత్వం వాళ్ల ఆయుధాలు లాక్కుంది. మగవాళ్లు గళ్ల బట్టలు కట్టడం కూడా నేరమే. ఆ చట్టం 1782 దాకా పోలేదు. తిరగబడ్డ నాయకుల ఎస్టేట్లు జప్తయ్యాయి. ఆప్పిన్ వైపు శిస్తు వసూలుకి కోలిన్ కాంప్‌బెల్‌ని పెట్టారు. నవలలో రైతులు అతనికి ఒకసారి కట్టి, ఫ్రాన్సులో తలదాచుకున్న తమ నాయకుడికి గుట్టుగా మరోసారి పంపుతారు. జమీందారీ రోజుల కథలు విన్న మనకిది విడ్డూరమే. పారిపోయిన దొరకి శిస్తు కట్టేదెవరు!

1752 మే 14న కాంప్‌బెల్‌ని అడవిదారిలో ఎవరో కాల్చేశారు. అనుమానం ఆలన్ బ్రెక్ స్టూవర్ట్ మీద. అతను దొరకలేదు, అతన్ని పెంచిన జేమ్స్ స్టూవర్ట్ దొరికాడు. జ్యూరీ పదిహేనుమందిలో పదకొండుగురు కాంప్‌బెల్‌లే; న్యాయపీఠం మీద ఆ వంశపెద్ద ఆర్గైల్ డ్యూక్. నవంబరు 8న జేమ్స్‌ని ఉరి తీశారు.

స్టీవెన్సన్ ఈ హత్యను ఏడాది వెనక్కి జరిపి, డేవిడ్‌ని సరిగ్గా అక్కడ నిలబెట్టాడు. లండన్ రాజుకి విధేయుడైన ఈ మైదానపు పిల్లాడూ, తిరుగుబాటుదారు ఆలనూ కలిసి పారిపోతారు. దారిలో ఆలన్ పేకాటలో డేవిడ్ డబ్బంతా పోగొడతాడు. నాకు యుద్ధాల కన్నా ఆ తర్వాతి తగువే ఇష్టం.

స్టీవెన్సన్ వాళ్లది లైట్‌హౌసులు కట్టిన ఇంజనీర్ల కుటుంబం. 1870లో ఆ పనిమీదే ఎర్రెయిడ్ దీవిలో ఉన్నాడు. డేవిడ్ కొట్టుకొచ్చేదీ అక్కడికే. పోటు తగ్గితే నడిచి దాటొచ్చని తెలియక అల్లాడతాడు! చివరికి స్టీవెన్సన్ సమోవాలో స్థిరపడి, 1894లో నలభై నాలుగేళ్లకే పోయాడు. అంతకు ఏడాది ముందు ‘కిడ్నాప్డ్’కి కొనసాగింపుగా వచ్చిన ‘కాట్రియోనా’లో, జేమ్స్ తరఫున సాక్ష్యం చెబుతానని డేవిడ్ ఊళ్లు తిరుగుతాడు. విచారణ ముగిసేదాకా అతన్ని సముద్రంలో ఒక రాతిదీవి మీద బంధించి ఉంచుతారు.